డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పులికాట్ సరస్సు చేపను భుజించినప్పుడు దానిలోని మాంసకృత్తులు మన ఉదరంలో అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. జీవకణం వాటిని తిరిగి, జన్యువు నిర్దేశించిన వరుసలో, రైబోసోము అనే యంత్రంపై పూసలవలె గుచ్చుతుంది. ప్రతి పూసనూ సిద్ధం చేయడానికి ఏ.టి.పి. అనే శక్తిపదార్థం ఖర్చవుతుంది. 1929లో జర్మనీలో లోమన్ దానిని కనుగొన్న తరుణంలోనే, హార్వర్డులో ఫిస్కేతో కలిసి విడిగా కనుగొన్నవారు మన సుబ్బారావుగారు. పాఠ్యపుస్తకంలో ఆ మూడక్షరాలను వల్లించిన మాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది, కొంత సిగ్గుపడ్డాం.

1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు ధరించినందుకు ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించిందంటారు. బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా పనిచేస్తూ పరిశోధన సాగించారు. హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లే సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నేతృత్వంలో డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. అది సూక్ష్మజీవి రైబోసోమును పట్టుకొని, అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే వాహక ఆర్.ఎన్.ఏ.ను అక్కడికి చేరనివ్వదు. మాంసకృత్తుల నిర్మాణం ఆగి క్రిమి వృద్ధి నిలిచిపోతుంది. ఈ రహస్యాన్ని ఛేదించినవారు తరువాతి శాస్త్రజ్ఞులు. డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెన రూపం సైతం 1953 వరకు తేలలేదు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులోనే న్యూయార్కులో, 53వ ఏట, నిద్రలో కన్నుమూశారు.