గురువు చేసిన చికిత్స, శిష్యుడు నిలిపిన పేరు

భుజం గూడ ఒకసారి జారితే సరిచేయవచ్చు. వయసులో ఉన్నవారికి అది మళ్ళీ మళ్ళీ జారడం మొదలైతే బతుకే కష్టమవుతుంది. బరువెత్తాలన్నా, చేయి పైకి చాచాలన్నా, నిద్రలో ఒత్తిగిలాలన్నా భయమే. ఈ బాధకు ఎముక ముక్కను ఒకచోటి నుండి తీసి మరొకచోట అతికించే శస్త్రచికిత్సతో ఇంగ్లండు వైద్యుడు వాల్టర్ రౌలీ బ్రిస్టో పేరు ముడిపడి ఉంది. విశేషమేమంటే, ఆ పద్ధతిని గురించి ఆయన స్వయంగా ఏమీ ప్రచురించలేదు.

బ్రిస్టో 1882లో జన్మించారు. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఉన్న సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఎముకలు, కీళ్ళ వైద్యునిగా పేరుగాంచారు. మొదటి ప్రపంచ యుద్ధం వేలాది సైనికులను అవిటివారిని చేసింది. గాయం మానడంతో వైద్యుని పని ముగియదనీ, ఆ చేయి, ఆ కాలు తిరిగి పనికి రావాలనీ సర్ రాబర్ట్ జోన్స్ నాటి వైద్యులకు నేర్పారు. బ్రిస్టో ఆ బాటలోనే నడిచారు. నీరసించిన కండరాలకు విద్యుత్తుతో కదలిక తెప్పించే చికిత్సపై శ్రద్ధ వహించి, కీళ్ళ, కండరాల గాయాల చికిత్సపై 1917లో గ్రంథం వెలువరించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి ఎముకల వైద్య సలహాదారుగా సేవలందించారు.

భుజం కీలు నిర్మాణమే కొంత విచిత్రమైనది. చేతి ఎముక తల గుండ్రని బంతి వంటిది. రెక్క ఎముకలో దానిని పట్టే గిన్నె మాత్రం లోతులేని మూకుడు వంటిది. అందుకే చేయి అన్ని దిక్కులకూ తిరుగుతుంది, అందుకే సులభంగా జారుతుంది కూడా. జారిన ప్రతిసారీ గిన్నె ముందు అంచు అరుగుతుంది, అరిగినకొద్దీ జారడం మరింత తేలికవుతుంది.

ప్రాచీన గ్రీకు వైద్యులు చంకలో వాతలు పెట్టి, ఆ మచ్చ బిగువుతో కీలును నిలపజూశారు. 1918లో జర్మనీ వైద్యుడు ఈడెన్ కాలి ఎముక ముక్కను, 1932లో స్వీడన్ వైద్యుడు హైబినెట్ తుంటి ఎముక ముక్కను గిన్నె అంచున చేర్చారు. లండన్‌లోనే బ్యాంకార్ట్ 1923లో, తిరిగి 1938లో, అంచు నుండి ఊడిన పొరను కుట్టే మార్గాన్ని వివరించారు.

బ్రిస్టో వేరొక ఉపాయం ఎంచుకున్నారు. రెక్క ఎముక ముందువైపు కాకి ముక్కులా వంగిన చిన్న కొన ఒకటి ఉంటుంది. దానికి చేతి కండరాలు రెండు అంటుకొని ఉంటాయి. ఆ కొనను కండరాలతోపాటే కోసి, గిన్నె ముందు అంచున చేర్చడమే ఆయన పద్ధతి. చేయి పైకెత్తి వెనుకకు తిప్పినప్పుడు ఆ కండరాలు కీలు ముందు పట్టీలా బిగిసి, బంతిని జారనీయవు. సమీపంలోనే ముఖ్యమైన నరాలు ఉండడం వల్ల ఇది నిపుణుల చేతనే కావలసిన పని.

బ్రిస్టో 1947లో కన్నుమూశారు. 1954లో ఫ్రాన్సులోని లియాన్ నగర వైద్యుడు మిషెల్ లాటార్జే అదే కొనను, మరింత పెద్ద ముక్కగా తీసి, మరతో బిగించే విధానాన్ని ప్రకటించారు. 1958లో దక్షిణాఫ్రికాకు చెందిన ఆర్థర్ హెల్ఫెట్, తన గురువు బ్రిస్టో నేర్పిన విధానాన్ని వ్యాసంగా వెలువరించారు. గురువు మరణించి అప్పటికి పదకొండేళ్ళు. ఆయన వ్రాసిన వ్యాసమేదీ లేదు. హెల్ఫెట్ దానిని తన పేరుతోనే చెప్పుకొని ఉంటే కాదనగలిగినవారు బహు కొద్దిమంది. ఆయన అలా చేయక, దానికి గురువు పేరే పెట్టారు.

సర్రే ప్రాంతంలోని పైర్‌ఫర్డ్‌లో బ్రిస్టో పేరిట వెలసిన ఎముకల ఆసుపత్రి 20వ శతాబ్దం చివరి దశకంలో మూతపడింది. గిన్నె అంచు బాగా అరిగిన రోగులకు నేడు లాటార్జే విధానమే ఎక్కువగా వాడుకలో ఉంది. అయినా వైద్య గ్రంథాలు ఈ శస్త్రచికిత్సను నేటికీ బ్రిస్టో, లాటార్జేల జంట పేర్లతో పేర్కొంటున్నాయి. ఆ జంటలో మొదటి పేరు నిలిచింది ఒక శిష్యుని నిజాయితీ వల్లనే.