బ్యాడ్జీతో చదువు పోగొట్టుకున్న గాడిచర్ల

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చి వెళ్లారు. ఆ ఊపులో ట్రెయినింగు కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు తగిలించుకుని క్లాసులకు వచ్చారు. వారిలో ఒకరు 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఎం.ఏ. ప్యాసై ఉపాధ్యాయ శిక్షణకు చేరారు. కాలేజీ నుంచి వెళ్లగొట్టడమే గాక, సర్కారు కొలువు దారి కూడా మూసేశారు. ఎం.ఏ. చదివినవారు వేళ్ల మీద లెక్కించదగిన రోజులవి!

ఆయన కలం పట్టారు. 1908లో బెజవాడ నుంచి స్వరాజ్య వారపత్రిక నడిపారు. పత్రికా రచన నేర్పే బడులు అప్పుడిక్కడ లేవు. రాస్తూ నేర్చుకోవడమే. తిరునల్వేలి కాల్పులపై ఘాటుగా రాసినందుకు రాజద్రోహ నేరం మోపి మూడేళ్లు జైల్లో వేశారు.

అలాంటివాణ్ణి పిలిచి పని ఇవ్వాలంటే గుండె ధైర్యం కావాలి, చేతిలో డబ్బూ ఉండాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుకు రెండూ ఉన్నాయి. 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం రాబడితో ఆయన 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. 1914లో మద్రాసు నుంచి అది దినపత్రికగా వెలువడింది. దానికి గాడిచర్ల సంపాదకులుగా పనిచేశారు.

తరువాత ఆయన గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం ఊరూరా తిరిగారు. 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు.