బెంజమిన్ బానెకర్

బెంజమిన్ బానెకర్ (నవంబరు 9, 1731 - అక్టోబరు, 1806) అమెరికాకు చెందిన రైతు, ఖగోళ గణకుడు, పంచాంగకర్త. బ్రిటిషు వలసగా ఉన్న మేరీల్యాండులో, నల్లజాతివారిలో అత్యధికులు బానిసలుగా బ్రతుకుతున్న కాలంలో, ఇతడు స్వేచ్ఛ గల కుటుంబంలో జన్మించాడు. బడిలో చదివినది స్వల్పమే. స్వయంకృషితో గణితం, ఖగోళశాస్త్రం నేర్చుకొని 1792 నుండి 1797 వరకు ఆరు సంవత్సరాలకు పంచాంగాలు వెలువరించాడు. అమెరికా రాజధాని వాషింగ్టన్ కొరకు 1791లో జరిగిన సరిహద్దు సర్వేలో పాల్గొన్నాడు. ఇతని పూర్వీకులెవరు, ఆ కుటుంబానికి స్వేచ్ఛ ఎలా లభించింది అన్న విషయాలపై పరస్పర విరుద్ధమైన రెండు కథనాలు ఉన్నాయి. వలస అమెరికాలో స్వేచ్ఛగా జీవించిన మిశ్రమ జాతి కుటుంబాల వంశచరిత్రను శోధించేవారికి ఎదురయ్యే చిక్కులన్నీ ఇతని వంశవృక్షంలో కనిపిస్తాయి.

జననం, తల్లిదండ్రులు

బానెకర్ మేరీల్యాండులోని బాల్టిమోర్ కౌంటీలో జన్మించాడు. కుటుంబం 1763లో కొన్న బైబిలు గ్రంథంలో ఇతని పుట్టిన తేదీ, తండ్రి మరణించిన తేదీ వ్రాసి ఉన్నాయి. తల్లి పేరు మేరీ బానెకీ. ఆమె స్వేచ్ఛ గల స్త్రీ. తండ్రి రాబర్ట్ ఆఫ్రికాలోని గినీ ప్రాంతం నుండి బానిసగా తేబడి, తరువాత విముక్తి పొందినవాడు. రాబర్టుకు ఇంటిపేరు లేకపోవడం వలన భార్య ఇంటిపేరునే స్వీకరించాడని చెబుతారు. ఆ పేరును దస్తావేజులు వ్రాసే గుమాస్తాలు బానెకీ, బనకీ అంటూ తమకు తోచినట్లు వ్రాశారు. ముద్రిత గ్రంథాల ద్వారా బానెకర్ అన్న రూపం స్థిరపడింది.

తల్లిని బట్టి హోదా

ఈ వంశంపై జరిగిన చర్చ అర్థం కావాలంటే ఆనాటి చట్టాలు కొంత తెలియాలి. పొరుగున ఉన్న వర్జీనియా వలసలో 1662లో చేసిన చట్టం ప్రకారం బిడ్డ బానిసా, స్వేచ్ఛాజీవియా అన్నది తల్లి హోదాను బట్టి నిర్ణయమయ్యేది. మేరీల్యాండు మొదట దీనికి భిన్నమైన దారి పట్టింది. అక్కడ 1664లో చేసిన చట్టం ప్రకారం బానిసను పెండ్లాడిన ఆంగ్లేయ స్త్రీ, భర్త జీవించి ఉన్నంతకాలం అతని యజమానికి సేవ చేయాలి. వారికి పుట్టిన బిడ్డలు బానిసలవుతారు. ఈ చట్టాన్ని ఆసరా చేసుకొని కొందరు యజమానులు తమ సేవకురాండ్రను బానిసలకిచ్చి పెండ్లి చేయసాగారు. దాంతో 1681లో చట్టాన్ని మార్చి, అటువంటి వివాహాన్ని ప్రోత్సహించిన యజమానికి జరిమానా, స్త్రీకి ఆమె బిడ్డలకు స్వేచ్ఛ ఏర్పరచారు. తిరిగి 1692లో కఠినమైన చట్టం వచ్చింది. నల్లజాతి పురుషుని వలన బిడ్డను కన్న శ్వేతజాతి స్త్రీ ఏడేళ్ళు సేవ చేయాలని, వివాహం లేకుండా పుట్టిన ఆ బిడ్డ 31 ఏళ్ళ వయసు వరకు సేవకత్వంలో ఉండాలని అది శాసించింది.

శిక్ష ఎంత కఠినమైనా ఆ బిడ్డ జీవితాంతం బానిస మాత్రం కాదు. గడువు తీరిన తరువాత స్వేచ్ఛ లభించేది. ఆడబిడ్డ అయితే ఆ స్వేచ్ఛ ఆమె సంతతికి కూడా సంక్రమించేది. అందుచేత తాతమ్మ ఎవరన్న ప్రశ్న ఆ కుటుంబాలకు జీవన్మరణ సమస్యగా ఉండేది. ఇందుకు బట్లర్ కుటుంబపు వ్యాజ్యం ప్రసిద్ధమైన ఉదాహరణ. నెల్ బట్లర్ అనే ఐరిష్ సేవకురాలు 1681లో చార్లెస్ అనే బానిసను పెండ్లాడింది. ఆమె సంతతివారైన విలియం, మేరీ బట్లర్ దంపతులు తాము శ్వేతజాతి స్త్రీ వంశీకులమని, కనుక తమకు స్వేచ్ఛ ఇవ్వాలని న్యాయస్థానానికి వెళ్ళారు. వారు 1770లో గెలిచారు, కాని 1771లో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. వారి కూతురు మేరీ 1787లో తిరిగి పోరాడి స్వేచ్ఛ సాధించింది. ఈ వ్యాజ్యాలలో నూరేళ్ళనాటి పెండ్లిని గురించి ఇరుగుపొరుగు వృద్ధులు విన్న మాటలే సాక్ష్యాలుగా నమోదయ్యాయి.

వంశచరిత్ర పరిశోధకుడు పాల్ హైనెగ్ వర్జీనియా, ఉత్తర కరొలీనా, మేరీల్యాండు మొదలైన ప్రాంతాల కోర్టు పుస్తకాలను, పన్ను జాబితాలను, వీలునామాలను దశాబ్దాల పాటు పరిశీలించాడు. వలస కాలంలో స్వేచ్ఛ గల నల్లజాతి కుటుంబాలలో అధిక భాగం శ్వేతజాతి సేవకురాండ్రకు, ఆఫ్రికన్ పురుషులకు కలిగిన సంతతేనని అతడు నిర్ధారించాడు. యజమానులు బానిస స్త్రీల యందు కన్న సంతానమే ఈ కుటుంబాలకు మూలమన్న పూర్వపు నమ్మకం దీనితో చాలావరకు సడలింది. ఆ స్త్రీలను దండించడానికి గుమాస్తాలు వ్రాసిన పంక్తులే నేడు వారి వారసులకు ఆధారాలు కావడం గమనించదగిన విషయం.

అమ్మమ్మను గురించిన రెండు కథనాలు

మొదటి కథనం బానెకర్ జీవించి ఉన్నప్పటిది. బాల్టిమోర్ రాజకీయ నాయకుడు జేమ్స్ మెక్‌హెన్రీ 1791లో ఇతని మొదటి పంచాంగానికి పరిచయ లేఖ వ్రాస్తూ, తండ్రి ఆఫ్రికన్ అని, తల్లి ఆఫ్రికన్ దంపతుల బిడ్డ అని, ఇద్దరూ తరువాత స్వేచ్ఛ పొందారని పేర్కొన్నాడు. జాన్ లాట్రోబ్ 1845లో ప్రకటించిన జీవితచరిత్ర కూడా ఇతనిలో శ్వేతజాతి రక్తం లేదనే చెప్పింది. బానెకర్ స్వయంగా వ్రాసి మిగిలిన కాగితాలలో శ్వేతజాతి పూర్వీకుల ప్రస్తావన గాని, అమ్మమ్మ పేరు గాని లేవు.

రెండవ కథనాన్ని వెలుగులోకి తెచ్చినది మార్తా ఎలికాట్ టైసన్. ఈమె బానెకర్ మిత్రుడైన జార్జి ఎలికాట్ కుమార్తె. బానెకర్ బంధువులను, తెలిసినవారిని అడిగి ఈమె 1836లో సేకరించిన విషయాలు 1854లో మేరీల్యాండు చారిత్రక సంఘంలో చదవబడ్డాయి. ఈమె మరణానంతరం 1884లో మరింత వివరమైన గ్రంథం వెలువడింది. ఈ కథనం ప్రకారం బానెకర్ అమ్మమ్మ మోలీ వెల్ష్ అనే ఆంగ్లేయ స్త్రీ. ఇంగ్లండులో పాలు పితికే పనిలో ఉండగా ఆవు తన్నడంతో పాలు ఒలికిపోయాయి. ఆమె దొంగిలించిందని నేరం మోపి, శిక్షగా అమెరికాకు పంపి, ఏడేళ్ళ సేవకు కట్టుబెట్టారు. గడువు తీరిన తరువాత ఆమె చిన్న పొలం సంపాదించి, ఓడ నుండి ఇద్దరు బానిసలను కొన్నది. కొంతకాలానికి ఇద్దరికీ విముక్తి ఇచ్చి, వారిలో బానకా అనే వానిని పెండ్లాడింది. ఇతడు ఆఫ్రికాలో ఒక రాజు కుమారుడని చెబుతారు. వీరి కూతురే మేరీ.

ఈ కథనం సహజంగానే ఎక్కువ ప్రచారం పొందింది. కాని దీనిని యథాతథంగా స్వీకరించడానికి ఇబ్బందులు ఉన్నాయి. ఇది మొదటిసారి కాగితానికెక్కేనాటికి బానెకర్ మరణించి 30 ఏళ్ళు, మోలీ కాలం గడచి అంతకు చాలా ఎక్కువ కాలం అయింది. ఒలికిన పాలు, రాజకుమారుడు వంటి అంశాలు వినికిడి కథల ధోరణిలో ఉన్నాయి. ఆ పెండ్లి 1692 తరువాత జరిగి ఉంటే అది చట్టం దండించే నేరం కూడా. బానకా మాలి దేశపు డోగాన్ తెగవాడని, ఆ తెగ ఖగోళ జ్ఞానం మనుమనికి అందిందని కొందరు ఆధునిక రచయితలు చేసిన ఊహకైతే ఏ ఆధారమూ లేదు. మనుమడు పుట్టేసరికే బానకా చనిపోయాడని ఆ కథనమే చెబుతుంది.

అలాగని మోలీ కథను కల్పనగా కొట్టివేయడం కూడా తొందరపాటే. శ్వేతజాతి సేవకురాలు, ఆఫ్రికన్ భర్త, స్వేచ్ఛగా పుట్టిన కూతుళ్ళు అనే ఆకృతి హైనెగ్ చూపిన వందలాది కుటుంబాల చరిత్రతో సరిపోలుతుంది. మేరీ స్వేచ్ఛకు అది సరళమైన వివరణ కూడా. మరోవైపు మెక్‌హెన్రీ సమకాలికుడు. అయితే నల్లజాతి మేధస్సును నిరూపించదలచిన అతనికి బానెకర్ పూర్తిగా ఆఫ్రికన్ సంతతివాడు కావడం అనుకూలమైన విషయం. ఇరుపక్షాల సాక్ష్యాన్నీ ఈ దృష్టితో తూచవలసి ఉంటుంది. సిల్వియో బెడినీ 1972లో ప్రకటించి 1999లో సవరించిన ప్రామాణిక జీవితచరిత్ర మోలీ కథనాన్నే అనుసరించింది.

పొలం, గడియారం

రాబర్ట్ 1737లో రిచర్డ్ గిస్ట్ అనే భూస్వామి నుండి నూరు ఎకరాల పొలం కొన్నాడు. ధర 7,000 పౌన్ల పొగాకు. ఆ వలసలో పొగాకే డబ్బుగా చెలామణి అయ్యేది. దస్తావేజులో తన పేరుతో పాటు ఐదేళ్ళ కుమారుడు బెంజమిన్ పేరు కూడా వ్రాయించాడు. కాగితం లేని నల్లవాని స్వేచ్ఛ ఎంత బలహీనమైనదో బానిసత్వం అనుభవించిన ఆ తండ్రికి తెలియకుండా ఉండదు. కుటుంబంలో సందేహానికి తావులేని తొలి పత్రాలలో ఇది ఒకటి. రాబర్ట్ 1759లో మరణించగా పొలం బెంజమిన్‌కు దక్కింది. ఇతడు వివాహం చేసుకోలేదు.

సుమారు 1753లో, 22 ఏళ్ళ ప్రాయంలో బానెకర్ కర్రతో గంటలు కొట్టే గడియారం తయారుచేశాడు. ఎరువు తెచ్చిన ఒక జేబు గడియారాన్ని చూసి, చక్రాల పళ్ళు లెక్కకట్టి చెక్కాడని ప్రతీతి. పదిహేడేళ్ళకొకసారి నేల నుండి వెలువడే సికాడా పురుగులను ఇతడు 1749, 1766, 1783లలో గమనించి, అవి మళ్ళీ 1800లో వస్తాయని తన దినచర్య పుస్తకంలో వ్రాసుకున్నాడు. అవి వచ్చాయి.

ఖగోళ గణితం, పంచాంగాలు

క్వేకర్ మతస్థులైన ఎలికాట్ సోదరులు 1772లో పటాప్స్కో నది ఒడ్డున పిండిమరలు నెలకొల్పడం బానెకర్ జీవితాన్ని మలుపు తిప్పింది. జార్జి ఎలికాట్ 1788 ప్రాంతంలో ఇతనికి ఖగోళ గ్రంథాలను, కొన్ని పరికరాలను ఎరువిచ్చాడు. అప్పటికి ఇతని వయసు 57. ఎవరి బోధనా లేకుండా గ్రహణాలను గణించడం నేర్చి, అరువు గ్రంథాలలోని తప్పులను కూడా పట్టుకొన్నాడు. గ్రహస్థితులు, సూర్యచంద్రుల ఉదయాస్తమయాలు, గ్రహణాలు గల ఇతని పంచాంగాలు పలు నగరాలలో కనీసం 28 ముద్రణలు పొందాయి. 1795 నాటి బాల్టిమోర్ ముద్రణ ముఖపత్రంపై ఇతని చిత్రం ఉంది.

1791 తొలి నెలలలో మేజర్ ఆండ్రూ ఎలికాట్ కొత్త రాజధాని ప్రాంతపు సరిహద్దులను కొలుస్తున్నప్పుడు బానెకర్ సహాయకుడిగా పనిచేశాడు. నక్షత్రాలను పరిశీలిస్తూ ఖగోళ గడియారాన్ని చూసుకోవడం ఇతని విధి. ఏప్రిల్ చివరిలో ఇంటికి తిరిగివెళ్ళాడు. లాంఫాన్ రూపొందించిన నగర పటం పోగా బానెకర్ దానిని జ్ఞాపకంతో తిరిగి గీశాడన్న ప్రచారం నిజం కాదు. 1792లో లాంఫాన్ తొలగింపబడిన తరువాత పటాన్ని సవరించినది ఆండ్రూ ఎలికాట్. అప్పటికి బానెకర్ అక్కడ లేడు.

జెఫర్సన్‌కు లేఖ

ఆగస్టు 19, 1791న బానెకర్ విదేశాంగ కార్యదర్శి థామస్ జెఫర్సన్‌కు తన పంచాంగపు వ్రాతప్రతితో పాటు ఒక దీర్ఘ లేఖ పంపాడు. నల్లజాతివారి బుద్ధిశక్తిని శంకిస్తూ జెఫర్సన్ అంతకు కొన్నేళ్ళ ముందే ఒక గ్రంథం ప్రకటించి ఉన్నాడు. బానెకర్ తాను ఆఫ్రికన్ జాతివాడనని, ఆ జాతి సహజవర్ణం తనలో గాఢంగా ఉన్నదని సంతోషంగా ప్రకటించుకొన్నాడు. మానవులందరూ సమానులని స్వాతంత్ర్య ప్రకటన వ్రాసినవారే తన సోదరులను బలాత్కారంగా బానిసత్వంలో ఉంచడం నేరమని నిలదీశాడు. వంశవివాదంలో ఈ లేఖకు ప్రాధాన్యం ఉన్నది. అయితే ఇది తాను ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడో తెలిపే ప్రకటన. వంశావళి చెప్పడం దాని ఉద్దేశం కాదు.

జెఫర్సన్ ఆగస్టు 30న మర్యాదగా బదులిచ్చి, వ్రాతప్రతిని ఫ్రెంచి పండితుడు కాండోర్సేకు పంపాడు. ఆ సందర్భంలో బానెకర్‌ను ఆఫ్రికాలో పుట్టిన నల్లజాతి పురుషునికి, అమెరికాలో పుట్టిన నల్లజాతి స్త్రీకి కలిగిన కుమారుడని పరిచయం చేశాడు. ఉభయుల లేఖలు 1792లో చిన్న పుస్తకంగా అచ్చయి, బానిసత్వ వ్యతిరేకులకు ఆయుధమయ్యాయి. కాని 1809లో, బానెకర్ మరణానంతరం, జెఫర్సన్ ఒక మిత్రునికి వ్రాస్తూ ఆ గణితంలో ఎలికాట్ సహాయం ఉండవచ్చునని అనుమానించాడు.

చివరి రోజులు

వృద్ధాప్యంలో బానెకర్ సంవత్సరానికి 12 పౌండ్ల భృతికి బదులుగా తన భూమిని ఎలికాట్లకు వ్రాసి ఇచ్చాడు. తన ఆయుర్దాయాన్ని కూడా లెక్కకట్టుకొన్నాడని, కాని ఆ గడువు దాటి ఎనిమిదేళ్ళు జీవించాడని టైసన్ కుటుంబ కథనం.

1806 అక్టోబరులో బానెకర్ మరణించాడు. ఇతడు ముందే చెప్పిన ప్రకారం బల్ల, పరికరాలు, దినచర్య పుస్తకం, గణిత వ్రాతప్రతి జార్జి ఎలికాట్‌కు అందజేయబడ్డాయి. అంత్యక్రియలు జరుగుతుండగానే ఇంటికి నిప్పంటుకొని, కర్ర గడియారంతో సహా లోపలివన్నీ దగ్ధమయ్యాయి. పూర్వీకులను గురించిన కాగితాలు ఏవైనా ఉండి ఉంటే అవి కూడా ఆ మంటలలోనే పోయి ఉంటాయి.

వారసులు

బానెకర్‌కు సంతానం లేదు. సోదరి జెమీమా, లెట్ కుటుంబానికి చెందిన శామ్యూల్‌ను వివాహమాడింది. ఆమె సంతతివారిలో కొందరు తరువాత ఒహాయో రాష్ట్రానికి వలస వెళ్ళారు. కాలక్రమంలో ఒక శాఖ నల్లజాతిగా, మరొక శాఖ శ్వేతజాతిగా గుర్తింపు పొందాయి. తమ పూర్వీకులలో బానెకర్ సోదరి ఉన్నదన్న సంగతి శ్వేతజాతి శాఖలోని వారికి చాలాకాలం తెలియదు. ఆ శాఖకు చెందిన రచయిత్రి రేచెల్ జేమిసన్ వెబ్‌స్టర్, నల్లజాతి శాఖలోని బంధువులతో కలిసి పరిశోధించి, పదకొండు తరాల కుటుంబ చరిత్రను 2023లో గ్రంథంగా ప్రచురించింది.

అమెరికా తపాలా శాఖ 1980లో బానెకర్ స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఇతని పొలం ఉన్న ఓయెల్లాలో 1998లో స్మారక ఉద్యానవనం, ప్రదర్శనశాల ఏర్పడ్డాయి.