మన పొరుగు ప్రాంతపు కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి

రాయగడ నుంచి గుణుపురం మీదుగా వెళ్తే పర్లాకిమిడి వస్తుంది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ మనం అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళొచ్చామో లెక్కలేదు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో నేటికీ వినిపించే కీర్తనలెన్నో రాసిన పురుషోత్తమ చౌదరి ఆ ప్రాంతం వారేనని మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన 1803లో పుట్టారు. వంగదేశపు మూలాలున్న వైష్ణవ బ్రాహ్మణ కుటుంబం. పూర్వీకులది బెంగాలీ, చుట్టుపక్కల ఒడియా, తెలుగు. ఆయన కవిత్వానికి ఎంచుకున్నది తెలుగు. ఇంట్లో ఒక భాష, ఆఫీసులో మరొకటి, బజారులో రెండూ కలిపి మాట్లాడే మనకు ఆ బతుకు కొత్తేమీ కాదు.

ముక్తి మార్గం వెతుక్కుంటున్న వయసులో తెలుగులో అచ్చయిన క్రైస్తవ పుస్తకాలు ఆయన చేతికందాయి. చదివారు, తెలిసినవారితో చర్చించారు, చివరికి 1833లో కటకం వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ముప్పై ఏళ్ళ సంసారి. ఆ రోజుల్లో ఆ అడుగు వేయడమంటే కులాన్నీ, బంధువులనూ, పరువునూ ఒక్కసారిగా వదులుకోవడమే. భార్య కూడా మొదట ఒప్పుకోలేదు. తరువాత ఆమే ఆయన బాటలోకి వచ్చారు. విశ్వాసం మార్చుకోవడం ఒక్క రోజు పని. విడిపోయిన ఇల్లు మళ్ళీ కలవడం మాత్రం ఓర్పుతో జరిగే పని. ఆయన జీవితంలో మమ్మల్ని ఎక్కువగా ఆపేది ఈ ఘట్టమే.

ఆపైన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు బోధకుడిగా తిరిగారు. మన తీరం వెంట రైలు మార్గం 1890ల్లో గానీ రాలేదు. ఆయన 1890లోనే కన్నుమూశారు. అంటే ఆ తిరుగుడంతా రైలు లేని కాలంలోనిదే.

ఆయన కీర్తనల గుట్టు వాటి కట్టుబాటులో ఉంది. పరదేశపు పాటల మెట్లు కాకుండా మన రాగాలు, తాళాలు తీసుకున్నారు. పల్లవి, చరణాలు పెట్టారు. అక్షరం రానివారు కూడా రెండుసార్లు వింటే పల్లవి అందుకోగలరు. అందుకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి.

1882లో జర్మనీలోని బ్రెక్లుం మిషన్ వారు కొరాపుట్ కొండలకు వచ్చేనాటికి ఆయన ముదుసలి. 1936లో ఒడిశా ఏర్పడింది. విశాఖ ఏజెన్సీలోని కొరాపుట్, గంజాంలోని పర్లాకిమిడి రెండూ ఇటువైపు వచ్చాయి. నేడు ఇక్కడి చర్చిల్లో ఆరాధన ఎక్కువగా ఒడియాలోనే. తెలుగు కీర్తన ఇంటికే మిగిలింది.

ఆ ఇల్లు ఎలా ఉందో మనకు తెలియనిది కాదు. జేకేపూర్ పేపర్ మిల్లులో షిఫ్టు, సునాబేడలో డ్యూటీ, పిల్లల ట్యూషన్లు, పెద్దల మందులు. మేమూ గుమాస్తాగిరీలో బతుకంతా వెళ్ళబుచ్చినవాళ్ళమే. రాత్రి ఇల్లు చేరాక దండం పెట్టుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. అలాంటి రోజుల్లో గోడ అవతల ఒక ముసలమ్మ తీసే పల్లవి మా చెవిన పడేది. మాది ఆ మతం కాకపోయినా కాసేపు ప్రాణం కుదుటపడేది.

మొన్న ఒక ఇంట్లో పాత కీర్తనల పుస్తకం చిత్తుకాగితాల మూటలో కనబడింది. ఇంట్లో తెలుగు చదివేవారు లేరట. మా సంఘం దానిని తెచ్చి భద్రపరిచింది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే అమ్మేయకండి. ఏ మతం వారైనా సరే, పిల్లల చేత వారానికి ఒక్క పేజీ చదివించండి. చదవడం రాకపోతే సంఘం తరగతికి పంపండి. నేర్పడానికి మేమున్నాం.