విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 - 1815) స్కాట్లండు దేశానికి చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త. ఈస్టిండియా కంపెనీ కొలువులో భారతదేశానికి వచ్చి, గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో సుమారు పన్నెండు సంవత్సరాలు నివసించాడు. తరువాత కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. ఈయనను భారత వృక్షశాస్త్ర పితామహుడుగా పేర్కొంటారు. బట్టల మురికిని వదలగొట్టే కుంకుడు, ఎన్ని ఉతుకులకైనా పోని గుర్తును వేసే నల్లజీడి, నూలుబట్టకు ఎర్రరంగునిచ్చే చిరివేరు మున్నగు మొక్కలను శాస్త్రీయంగా వర్ణించి, వాటిలో చాలావాటికి తెలుగు పేర్లను కూడా తన గ్రంథాలలో నమోదు చేశాడు.

బాల్యము, విద్య

రాక్స్‌బర్గ్ స్కాట్లండులోని ఐర్‌షైరులో, క్రెయిగీ గ్రామ పరిధిలోని అండర్‌వుడ్‌లో జన్మించాడు. ఎడింబరోలో వైద్యం చదివాడు. అక్కడ వృక్షశాస్త్ర ఆచార్యుడైన జాన్ హోప్ బోధన వలన ఈయనకు మొక్కలపై ఆసక్తి కలిగింది. ఆ కాలంలో మందులలో అధికభాగం మొక్కల నుండియే లభించేవి కనుక వైద్యులకు వృక్షశాస్త్రం తప్పనిసరి విద్య. కొంతకాలం కంపెనీ ఓడలలో వైద్య సహాయకుడిగా పనిచేసి, 1776లో మద్రాసు ఆసుపత్రిలో చేరాడు.

సామర్లకోటలో

1781లో రాక్స్‌బర్గ్‌ను సామర్లకోట సైనిక స్థావరానికి వైద్యుడిగా పంపారు. అంతకుముందు తాను శ్రమించి సేకరించిన మొక్కలను, పుస్తకాలను, వ్రాతప్రతులను గోదావరి ముఖద్వారానికి సమీపాన ఉన్న ఇంజరంలో వచ్చిన ఉప్పెనలో పూర్తిగా పోగొట్టుకున్నాడు. అయినను నిరుత్సాహపడక మరల మొదటి నుండి సేకరణ ప్రారంభించాడు. సామర్లకోటలో తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ వంటి పంటలను పరీక్షించాడు. 1789 - 92 సంవత్సరాలలో ఉత్తర సర్కారులను పీడించిన కరవును కళ్ళారా చూచి, కరవు కాలంలో ప్రజలను ఆదుకొనగల కొబ్బరి మొదలైన చెట్లను విరివిగా నాటాలని కంపెనీకి సూచించాడు.

స్థానిక చిత్రకారులను నియమించి, ప్రతి మొక్కకూ జీవప్రమాణంలో రంగుల చిత్రం వ్రాయించడం ఈయన పద్ధతి. ఆ చిత్రాల నుండి సర్ జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసిన 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన గ్రంథం 1795 నుండి మూడు సంపుటాలుగా లండనులో వెలువడినది.

బట్టలకు సంబంధించిన మొక్కలు

రాక్స్‌బర్గ్ ప్రతి మొక్క ఆకారాన్ని మాత్రమే గాక, స్థానికులు దానిని వాడుకొనే తీరును కూడా వ్రాశాడు. వీటిలో బట్టలకు సంబంధించినవి ముఖ్యమైనవి.

నల్లజీడి: దీని గింజ పెంకులోని నల్లని రసంతో చాకలివారు బట్టల అంచున గుర్తు పెట్టేవారు. పది ఇళ్ళ బట్టలు ఒకే రేవులో కలిసినప్పుడు ఎవరివి వారికి చేర్చడానికి ఆ గుర్తే ఆధారం. ఆ రసానికి కొంచెం సున్నం, నీరు కలిపితే గుర్తు చెదరకుండా నిలుస్తుందని రాక్స్‌బర్గ్ నమోదు చేశాడు. ఈ రసం గాలి తగిలి గట్టిపడి నూలుపోగుకు అంటుకొనిపోతుంది. చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి. మామిడి కూడా ఈ కుటుంబానికి చెందినదే. నూజివీడు ప్రాంతంలో మామిడికాయలు కోసేవారి బట్టలపై పడిన సొన మరక ఒక పట్టాన వదలకపోవడం ఈ బంధుత్వాన్ని గుర్తుచేస్తుంది.

కుంకుడు: కుంకుడుకాయలోని సాపోనిను అనే పదార్థం నీటిలో నురుగునిచ్చి జిడ్డును విడదీస్తుంది. ఘాటైన క్షారానికి పట్టు, ఉన్ని పాడవుతాయి కాబట్టి వాటికి కుంకుడు రసం అనువైనది. ఉత్తర భారతంలో పెరిగే ఒక కుంకుడు జాతికి రాక్స్‌బర్గ్ సపిండస్ డిటర్జెన్స్ అని పేరు పెట్టాడు. డిటర్జెన్స్ అనగా శుభ్రపరచునది అని అర్థం. డిటర్జెంటు అనే నేటి మాటకు మూలం ఇదే లాటిన్ ధాతువు.

ఇండుప గింజ: దీనినే చిల్లగింజ అని కూడా అంటారు. కుండ లోపలి భాగాన ఈ గింజను రుద్ది బురదనీరు పోస్తే మట్టి అడుగుకు చేరి నీరు తేరుకుంటుంది. వర్షాకాలంలో ఎర్రనీరు వచ్చే నదీతీరవాసులకు ఇది మిక్కిలి ఉపయోగకరమైన విద్య.

చిరివేరు: సముద్రతీరపు ఇసుక నేలలలో పెరిగే చిన్న మొక్క ఇది. దీని వేరు ఎర్రరంగునిస్తుంది. కృష్ణా డెల్టాలోని పెత్తబోలి (నేటి నిజాంపట్నం) ప్రాంతపు చిరివేరును 17వ శతాబ్దపు ఐరోపా వర్తకులు ప్రస్తావించారు. మచిలీపట్నం అద్దకపు బట్టలకు దేశాంతర ఖ్యాతిని తెచ్చిన ఎరుపునకు ఇది ఆధారం.

అంకుడు: ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర ఈ చెట్టుదే. దీని ఆకుల నుండి నీలిరంగు తీయవచ్చునని రాక్స్‌బర్గ్ ప్రయోగం చేసి చూపాడు.

మరకకు, రంగుకు గల సంబంధం

ఈ మొక్కలను ఒకచోట చేర్చి చూచినచో, మొండి మరకకు, మంచి అద్దకానికి మూలసూత్రం ఒకటేనని తెలుస్తుంది. చిరివేరు రంగు ఒంటరిగా బట్టను గట్టిగా పట్టుకొనదు. ముందుగా బట్టకు పటిక పట్టించినచో, రంగు దానితో కలిసి నీటిలో కరగని పదార్థమై పోగులలో నిలిచిపోతుంది. అట్లే కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లరంగు ఏర్పడుతుంది. కలంకారీ పనివారు నల్లని గీతలకు వాడేది దీనినే.

ఇంటిలో పడే మరకలకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. టీ, దానిమ్మ మున్నగు వగరు మరకలున్న బట్టను తుప్పుపట్టిన ఇనుప పాత్రలో నానబెట్టినచో మరక మరింత నల్లబడుతుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడినను, ఎండలో ఆరవేసినప్పుడు క్రమంగా వెలిసిపోతుంది. ఎంతకూ పోని మరకగల బట్టకు ముదురు రంగు అద్దించి, మరకను కప్పివేయడం పాతకాలపు ఉపాయం.

కలకత్తా జీవితము, మరణము

1793లో రాబర్ట్ కిడ్ మరణానంతరం రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా నియమితుడయ్యాడు. అక్కడ ఈయన వ్రాయించిన మొక్కల చిత్రాలు 2,500కు పైగా ఉన్నాయి. అనారోగ్యం వలన 1813లో భారతదేశాన్ని విడిచి, దారిలో సెయింట్ హెలీనా ద్వీపంలో కొంతకాలం ఆగి అక్కడి మొక్కలను కూడా పరిశీలించాడు. 1815లో ఎడింబరోలో మరణించాడు. అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఈయన సమాధి ఉన్నది.

ఈయన ప్రధాన గ్రంథమైన ఫ్లోరా ఇండికా జీవితకాలంలో అచ్చు కాలేదు. విలియం కేరీ, నథానియల్ వాలిచ్‌ల కృషితో 1820, 1824 సంవత్సరాలలో రెండు సంపుటాలు వెలువడినవి. పూర్తి పాఠం 1832లో శ్రీరాంపూరులో ప్రచురితమైనది.

ప్రాముఖ్యత

రాక్స్‌బర్గ్ కంపెనీ ఉద్యోగి. ఏ మొక్క నుండి వర్తకానికి లాభం కలుగునో తెలుసుకొనడం ఈయన పనిలో భాగం. అయితే ఈయన వ్రాసిన వాడుకలను కనుగొన్నవారు రేవులలో పనిచేసిన చాకలివారు, అద్దకపు పనివారు, పల్లె వైద్యులు. నల్లజీడి రసానికి చేతులు బొబ్బలెక్కినది వారికే. సామర్లకోటలో బొమ్మలు వ్రాసిన చిత్రకారుల వలె వారి పేర్లు కూడా ఆ గ్రంథాలకు ఎక్కలేదు.

1869 తరువాత కృత్రిమ అలిజరిన్ రంగు మార్కెట్టుకు రావడంతో చిరివేరు సాగు క్షీణించినది. నేడు పెడన కలంకారీలో ఎరుపునకు కూడా ఎక్కువగా అలిజరిన్‌నే వాడుతున్నారు. చాకలి గుర్తుల స్థానంలో కాగితపు చీటీలు, చెరగని సిరా వచ్చాయి. వాడుక నుండి జారిపోతున్న ఈ విద్యలు ఒకప్పుడు ఏ విధంగా ఉండేవో, వాటిని తెలుగువారు ఏ పేర్లతో పిలిచేవారో తెలుసుకొనడానికి రాక్స్‌బర్గ్ గ్రంథాలు నేటికీ ముఖ్యమైన ఆధారాలు.