సుభాష్ ముఖోపాధ్యాయ: పది వారాల తేడా

1978 జూలై 25న ఇంగ్లండ్‌లో ప్రపంచంలోనే మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ పుట్టింది. ఇది అందరికీ తెలుసు. సరిగ్గా పది వారాలకు, అక్టోబర్ 3న, కలకత్తాలో ఇంకో పాప పుట్టింది. పేరు దుర్గ. ఆ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ. 1931లో హజారీబాగ్‌లో పుట్టారు. కలకత్తాలో ఒకటి, ఎడిన్‌బరాలో ఒకటి, రెండు పీహెచ్‌డీలు.

అసలు గొప్పతనం ఆయన పద్ధతిలో ఉంది. ఇంగ్లండ్ వాళ్ళు ఆ నెలలో సహజంగా వచ్చిన ఒక్క అండంతోనే పని కానిచ్చారు. ఈయన హార్మోన్ ఇంజెక్షన్లతో ఎక్కువ అండాలు వచ్చేలా చేశారు. పిండాన్ని 53 రోజులు ఫ్రీజ్ చేసి, తల్లి శరీరం మామూలు స్థితికి వచ్చాక, తర్వాతి సైకిల్‌లో గర్భంలో పెట్టారు. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే సేవ్ చేసి, తర్వాత లోడ్ చేయడం. అది కూడా 1978లో! ఇవాళ ఐవీఎఫ్ సెంటర్లలో ఇదంతా రొటీన్.

రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ మాత్రం నమ్మలేదు. జపాన్ వెళ్ళి తన పని గురించి చెప్తానంటే పర్మిషన్ ఇవ్వలేదు. 1981లో కంటి వైద్య సంస్థకి బదిలీ చేశారు. హార్మోన్ల మీద జీవితమంతా పనిచేసిన మనిషికి అక్కడేం పని? అదే ఏడాది జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. వయసు 50.

1986లో ముంబైలో పుట్టిన హర్షని దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ అన్నారు. ఆ క్రెడిట్ అందుకున్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ తర్వాత సుభాష్ నోట్స్ చదివారు. చదివి, మొదటి ఘనత తనది కాదు, సుభాష్‌దేనని 1997లో తనే రాశారు. నాకైతే ఈయన మీద కూడా గౌరవం పెరిగింది. 2003లో, 25వ పుట్టినరోజుకి, దుర్గ తానెవరో అందరికీ చెప్పింది.