తమ్ముడి పక్కన కూర్చుని చదువుకున్న అక్క



పోయిన పీటీఎంలో నా టేబుల్ ముందు కూర్చున్న వాళ్లలో చాలామంది రెండే విషయాలు మాట్లాడారు. ఒకటి ఫోన్. రెండోది, కొంచెం మొహమాటపడుతూ అడిగినది: ఇప్పుడు అన్ని పాఠాలూ వీడియోల్లో ఉన్నాయి కదా మేడమ్, ఇంట్లోనే చదివిస్తే ఏమవుతుంది అని. ఫీజు కట్టే తల్లిదండ్రులు స్కూలు టీచర్‌ని అడగడానికి ఇబ్బందిపడే ప్రశ్నే ఇది. కానీ అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. బదులుగా ఈ నెల మీకు ఒకావిడ గురించి చెబుతాను. ఆవిడ బడి మెట్లు ఎక్కకుండా ఇంట్లోనే చదువుకుని, ముప్పై ఏళ్లకే తెలుగు సాహిత్య చరిత్రలో చోటు సంపాదించుకున్నారు. పేరు భండారు అచ్చమాంబ.

మీరు పండగలకి సుల్తాన్ బజార్ వెళ్తారు కదా. గాజులు, చీరల ఫాల్స్, లేసులు, పిల్లల ఫ్రాకులు, ఆదివారమైతే అడుగు పెట్టడానికి చోటుండదు. పక్కనే కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు. నా బీఈడీ గైడ్లన్నీ అక్కడ బేరమాడి కొన్నవే. ఆ సందడి మధ్యనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీ ఉంది. ఎన్నోసార్లు దాని ముందు నుంచే నడిచి ఉంటారు, బోర్డు చూసి ఉండరు. నేనూ చాలాకాలం చూడలేదు. ఆ లైబ్రరీని 1901 సెప్టెంబరు 1న మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు కొమర్రాజు లక్ష్మణరావు. అచ్చమాంబ ఆయనకి స్వయానా అక్క, మూడేళ్లు పెద్ద. అసలు కథ వీళ్లిద్దరిదీ.

అచ్చమాంబ 1874లో అప్పటి కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలో పుట్టారు. ఆరేళ్ల వయసులో తండ్రి వెంకటప్పయ్య పోయారు. అప్పటికి తమ్ముడు మూడేళ్ల పసివాడు. పదేళ్లు వచ్చేసరికి ఆమెకి పెళ్లి చేశారు, మేనమామ భండారు మాధవరావుతో. ఆయన ఉద్యోగం నాగపూర్ వైపు, అప్పట్లో మధ్య పరగణాలు అనేవారు. అచ్చమాంబతో పాటు తల్లి గంగమ్మ, తమ్ముడు లక్ష్మణరావు కూడా అక్కడికే చేరారు. తెలుగు మాట్లాడే ఇల్లు, గుమ్మం దాటితే మరాఠీ, హిందీ.

ఆ ఇంట్లో బడికి వెళ్లేది తమ్ముడొక్కడే. ఆడపిల్లని, అందులోనూ పెళ్లైన పిల్లని, బడికి పంపాలన్న ఆలోచన ఆ రోజుల్లో చాలామందికి రాదు. ఆమె చదువంటే భర్తకి కూడా మొదట్లో పెద్దగా ఇష్టం ఉండేది కాదని చెబుతారు. కానీ తమ్ముడు ఇంట్లో పుస్తకం తెరిచి కూర్చుంటే అక్క వచ్చి పక్కన కూర్చునేది. అతను నేర్చుకున్న అక్షరాలే ఆమే నేర్చుకుంది. అలా తెలుగు, హిందీ వచ్చాయి. తర్వాత మరాఠీ. ఆ పైన ఇంగ్లిష్, బెంగాలీ, గుజరాతీ, కొంత సంస్కృతం. ఒక్క సర్టిఫికెట్ లేదు, ఒక్క పరీక్షా రాయలేదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే టీచర్‌గా నాకు ఆసక్తి కలిగించేది అక్క చదువొక్కటే కాదు. తమ్ముడికి ఏం జరిగి ఉంటుందన్నది కూడా. రోజూ పక్కన ఒకరు కూర్చుని ఇది ఎందుకు ఇలా ఉంది, ఆ మాటకి అర్థమేంటి అని అడుగుతుంటే, పాఠం రెండోసారి చెప్పక తప్పదు. ఇది నా ఊహే కానీ, క్లాసులో రోజూ చూస్తున్నదాన్ని బట్టి చేసిన ఊహ. పక్కవాడికి లెక్క చెప్పిన పిల్ల ఆ లెక్క మర్చిపోదు. ఆ తమ్ముడే తర్వాత ఎమ్మే పాసై తెలుగులో విజ్ఞాన సర్వస్వం రాయడానికి పూనుకున్నాడు. విషయాన్ని తెలియనివాళ్లకి విడమరిచి చెప్పే అలవాటు అతనికి మొదట ఎక్కడ వచ్చి ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు మన ఇళ్లు చూద్దాం. పీటీఎంలో ఒక నాన్నగారు చెప్పారు, వాళ్ల పాప గది తలుపు వేసుకుని ట్యాబ్‌లో పాఠాలు చూస్తుందట, డిస్టర్బ్ చేయకూడదని ఇంట్లో అందరూ టీవీ సౌండ్ కూడా తగ్గిస్తారట. ఎంతో ప్రేమతో చేస్తున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పాప ఏం చదువుతోందో అమ్మకి తెలియదు, నాన్నమ్మకి తెలియదు, చెల్లికి అసలే తెలియదు. వీడియో మధ్యలో సందేహం వస్తే వీడియోని అడగలేదు. మధ్యలో ఇంకో వీడియో వచ్చి పిలిస్తే వెళ్లిపోతుంది. మాకు మాత్రం నోట్‌బుక్ నీట్‌గానే కనిపిస్తుంది. ట్యాబ్ ఎంతసేపు చూస్తోందని మీరు అడుగుతారు. ఆ టైమ్‌లో పాప పక్కన ఎవరున్నారని నేను అడుగుతాను. అదే ట్యాబ్ హాల్లోకి, అందరూ కూర్చునే చోటికి వస్తే సగం గొడవ తగ్గుతుందని నా నమ్మకం. రాత్రి భోజనాల దగ్గర ఇవాళ చూసిన పాఠం నాన్నమ్మకి చెప్పమనండి. నాన్నమ్మకి సైన్స్ రాకపోతే ఇంకా మంచిది, ఆవిడ అడిగే ప్రశ్నలు మా టెస్ట్ పేపర్ల కంటే కష్టంగా ఉంటాయి.

మళ్లీ అచ్చమాంబ దగ్గరికి వెళ్దాం. ఆమెకి ఒక కొడుకు, ఒక కూతురు పుట్టి చిన్నతనంలోనే పోయారు. అంత దుఃఖంలో పుస్తకం పక్కన పడేసినా ఎవరూ తప్పుపట్టరు. ఆమె పడేయలేదు. చరిత్రలో పేరుపొందిన స్త్రీల జీవితాలు సేకరించడం మొదలుపెట్టారు. తెలుగులో ఆ సమాచారం ఒకచోట లేదు. ఇంట్లో నేర్చుకున్న ఆ భాషలన్నీ ఇక్కడ పనికొచ్చాయి. అక్కడొక పుస్తకం, ఇక్కడొక పత్రిక వెతికి, చదివి తెలుగులో రాశారు. అలా 1901లో వచ్చింది అబలా సచ్చరిత్ర రత్నమాల. ఆడవాళ్లు పుట్టుకతోనే బలహీనులు, తెలివి తక్కువవాళ్లు, చదివిస్తే చెడిపోతారు అనే వాదనలు అప్పుడు గట్టిగా ఉండేవి. ఆమె ఆ వాదనలకి ఒక్కో స్త్రీ జీవితాన్నీ సాక్ష్యంగా తెచ్చి పెట్టారు.

చిన్న మాట. ఇంగ్లిష్ మీడియం టీచర్‌ని కాబట్టి చాలామంది ఇంట్లో పిల్లలతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలా అని నన్ను అడుగుతారు. అచ్చమాంబ అన్ని భాషల్లో చదివారు, రాసింది తెలుగులో. చుట్టూ మరాఠీ మాట్లాడే ఊళ్లో ఉండి కూడా. ఎక్కువ భాషలు వస్తే ఇంటి భాష పోతుందన్న భయం గానీ, ఇంటి భాష ఉంటే మిగతావి రావన్న భయం గానీ ఆమె జీవితంలో నాకు కనబడలేదు.

1902లో హిందూ సుందరి పత్రికలో ఆమె కథ ధనత్రయోదశి అచ్చయింది. దీపావళి ముందు ఒక పేద ఇల్లు, డబ్బు దగ్గర తడబడిన భర్త, అతన్ని తప్పు నుంచి వెనక్కి తెచ్చిన భార్య. మనమంతా స్కూల్లో తెలుగు తొలి కథ అంటే 1910లో గురజాడ రాసిన దిద్దుబాటు అని చదువుకున్నాం. దానికి ఎనిమిదేళ్ల ముందే వచ్చిన ఈ కథని తొలి కథగా గుర్తించాలని ఇప్పుడు చాలామంది పరిశోధకులు అంటున్నారు. స్త్రీవిద్య పేరుతో కూడా ఆమె ఒక కథ రాశారు. అదే 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. తర్వాత తెలుగు ఊళ్లు తిరిగి స్త్రీల సమాజాలు పెట్టించారు, ప్రసంగించారు. తన పిల్లలు పోయిన ఇంట్లో దిక్కులేని పిల్లల్ని చేరదీసి, తిండి పెట్టి, చదువు చెప్పించారు. అంటే ఒకప్పుడు తమ్ముడి పక్కన కూర్చుని చదువుకున్న ఆమె ఇంట్లో తర్వాత ఇంకెవరి పిల్లలో కూర్చుని చదువుకున్నారు.

ఇక పీటీఎంలో నేను జవాబు చెప్పలేని ప్రశ్నకి వస్తాను. ఈ కథ చెబితే ఎవరైనా అనొచ్చు, చూశారా, బడి లేకుండానే ఇంత సాధించారు, మరి మా పిల్లలకి బడి ఎందుకని. నిజాయితీగా చెప్పాలంటే అచ్చమాంబ ఇంట్లో చదువుకోవాలని కోరుకుని చదువుకోలేదు. ఆమెకి బడి తలుపు మూసి ఉంది. హోమ్‌స్కూలింగ్ మనకి ఈ రోజు ఒక ఎంపిక, ఆమెకి గత్యంతరం. తమ్ముడు నాగపూర్‌లో చదివి కాలేజీ దాకా వెళ్లాడు, అతనికి గురువులు, స్నేహితులు, పరీక్షలు, డిగ్రీ దొరికాయి. అంతే తెలివి ఉన్న అక్కకి అతని పుస్తకంలో సగం పేజీ దొరికింది. ఆ లోటు ఆమెకి తెలుసు కాబట్టే జీవితాంతం ఆడపిల్లల చదువు కోసం రాశారు, ఊరూరా తిరిగారు. ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రులు కొందరు చాలా బాగా చేస్తున్నారు, వాళ్లని నేను తప్పుపట్టను. కానీ అలా చేయాలంటే రోజూ ఒక పెద్దమనిషి పిల్ల పక్కన కూర్చోవాలి. ట్యాబ్ కొనిచ్చి, సబ్‌స్క్రిప్షన్ కట్టి, ఆఫీసుకి వెళ్లిపోతే అది ఇంటి చదువు కాదు, ఒంటరి చదువు. అలాగే మా స్కూలుకి ఫీజు కట్టేశాం కాబట్టి ఇంట్లో పుస్తకం గురించి మాట్లాడే పని లేదనుకుంటే, మా వల్ల అయ్యేది కూడా తక్కువే. ఈ మాట న్యూస్‌లెటర్‌లో రాయొచ్చో లేదో తెలియదు, రాసేశాను.

1905 జనవరిలో ప్లేగు వచ్చింది. బిలాస్‌పూర్‌లో రోగులకి సేవ చేస్తూ అచ్చమాంబ అదే జబ్బు సోకి చనిపోయారు. ముప్పై ఏళ్లు. రత్నమాలలో ఆమె తలపెట్టిన భాగాలన్నీ పూర్తి కాలేదు.

తమ్ముడు మిగిలాడు. అక్క పుస్తకం వచ్చిన 1901లోనే అతను ఇక్కడ హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటి వాళ్లతో కలిసి భాషా నిలయం మొదలుపెట్టాడని ముందే చెప్పాను. మొదట్లో అది రావిచెట్టు రంగారావు ఇంట్లోనే నడిచింది, బ్రిటిష్ రెసిడెన్సీ పక్కనున్న బజారులో. మనం సుల్తాన్ బజార్ అంటున్నది ఆ ప్రాంతాన్నే. అప్పటి నిజాం రాజ్యంలో తెలుగు పిల్లలకి తెలుగులో చదువుకునే వీలు చాలా తక్కువ, బడుల్లో, కచేరీల్లో ఉర్దూదే రాజ్యం. తెలుగు పుస్తకం చేతిలోకి తీసుకోవాలంటే ఎవరో ఒకరి ఇంటి తలుపు తెరిచి ఉండాలి. రంగారావు గారి ఇంటి తలుపు అలా తెరుచుకుంది.

అక్క పోయిన మరుసటి ఏడు, 1906లో, లక్ష్మణరావు హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలి పెట్టాడు. చరిత్ర, సైన్స్, గొప్పవాళ్ల జీవితాలు మామూలు తెలుగువాళ్లు ఇంట్లో కూర్చుని చదువుకోగలిగేలా పుస్తకాలు వేయడం దాని పని. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితం. లింకన్ కూడా బడికి వెళ్లింది బహు తక్కువ, ఎక్కువగా అరువు పుస్తకాలతో ఇంట్లో చదువుకున్నవాడే. తర్వాత లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పని తలకెత్తుకున్నాడు. ఇంత పెద్ద పని పూర్తవకుండానే 1923లో మద్రాసులో చనిపోయాడు.

ఈసారి సుల్తాన్ బజార్ వెళ్లినప్పుడు షాపింగ్ అయ్యాక పిల్లల్ని ఆ లైబ్రరీ ముందుకి తీసుకెళ్లండి. అక్కణ్నుంచి కొద్ది దూరం నడిస్తే పాత బ్రిటిష్ రెసిడెన్సీ కనబడుతుంది, మనమంతా కోఠి విమెన్స్ కాలేజ్ అని పిలిచేది. పెద్ద స్తంభాల భవనం. సాయంత్రం వేళ అయితే బ్యాగులు తగిలించుకుని గేట్లోంచి బయటికొచ్చే అమ్మాయిలు బస్టాప్ నిండా ఉంటారు.

చివరగా ఇంకో పేరు. 1906లో, అక్క పోయిన మరుసటి ఏడు, లక్ష్మణరావుకి కూతురు పుట్టింది. ఆమెకి అచ్చమాంబ అని అక్క పేరే పెట్టుకున్నాడు. ఈ అచ్చమాంబని బడికి పంపారు, కాలేజీకి పంపారు. ఆమె డాక్టరైంది, బెజవాడలో ప్రసూతి వైద్యురాలిగా పేరు తెచ్చుకుంది. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి ఎన్నికైంది.